స్టోరు రిజిస్టరులో ఎర్రసిరా

నా పని కొత్తవి కనిపెట్టడం కాదు,
పోయినవి కనిపెట్టడం.
సొహార్‌ బయట, సముద్రం కనపడక
వాసన మాత్రం వచ్చేంత దూరంలో
రేకుల షెడ్డు, ఒక ఫ్యాను, నేను.
గోడ అవతల ఆరువేల సోలార్‌ పలకలు
ఎండకి మొహమిచ్చి పడుకుని ఉంటాయి.

ఆ మార్చి నెల తరుగు:
ట్యాంకరు వైపర్‌ రబ్బరు, ఒక జత.
సైకిల్‌ చెయిను ఒకటి
(అది అసలు నా స్టాకులోకి ఎలా వచ్చిందో
ఇప్పటికీ తెలియదు).
క్యాంపు కర్టెను, ఒక రెక్క.
కింద ఎర్రసిరాతో ‘దొంగతనం?’ అని రాశాను.
ఆ ప్రశ్నార్థకం పెట్టినందుకు
ఇప్పుడు నా చేతిని మెచ్చుకుంటున్నాను.

ఇక్కడి దుమ్ము వచ్చి పోయే చుట్టం కాదు,
కాపురం పెడుతుంది.
రాత్రి తేమ దాన్ని పిసికి
పొద్దున ఎండ కాల్చి
పలక మీద పలచని కుండపెంకు చేస్తాయి.
అది కడగడానికి రోజుకి ఆరుసార్లు
గుల్‌ జమాన్‌ ట్యాంకరు, ఉప్పు తీసిన నీళ్లు.
ఆ కష్టం తీర్చడానికి ఓడెక్కి ఒక యంత్రం వచ్చింది,
పెట్టె మీద గాజుగ్లాసు బొమ్మతో.
మూడోరోజు ఇసుక మింగి
పక్షవాతం వచ్చినట్టు ఒరిగిపోతే
నా స్టోరులో పడుకోబెట్టారు.
అడెపు భూమేశ్‌ మధ్యాహ్నాలు వచ్చి
రోగిని పలకరించినట్టు
దాని చుట్టూ ఒకసారి తిరిగి పోయేవాడు.

సిరిసిల్లలో పదేళ్లు సాంచెలు నడిపిన మనిషి.
ఇక్కడ కార్డు మీద ‘క్లీనర్‌’.
“సార్‌, నాడె ఎన్నడన్న నీళ్లడుగుతదా?” అన్నాడొకరోజు.
నాకు అర్థం కాలేదు.
సంతకం పెట్టి గొట్టం తీసుకుపొమ్మన్నాను.

తెల్లవారుజాము నాలుగింటికి
దొంగను పట్టుకుందామని టార్చి వేశాను.
పలకల వరుస మీద ఒక చెక్క,
ఈ కొస నుంచి ఆ కొసకి, ఆ కొస నుంచి ఈ కొసకి.
ముందు నా కర్టెను మంచును పూసుకుంటూ,
వెనక నా రబ్బరు బురదను తోసుకుంటూ.
తాడు లాగుతూనే అన్నాడు:
“మంచు వడ్డంక, ఎండ రాకముందు
గంటన్నర ఉంటది సార్‌.
నీళ్లు పైనుంచే వస్తున్నయి,
మనమే పండుకొని ఉంటున్నం.”

అంతకుముందు పదకొండుసార్లు చెడిపోయిందట.
లెక్క నిజమే, నేనే సాక్షి.
చెప్పు కుట్టుకోను దారం కావాలని,
కిటికీకి అడ్డం బద్ద కావాలని,
ప్రతి ఓటమీ ఒక చిన్న అబద్ధం కట్టుకుని
నా కౌంటరు దాకా వచ్చింది.

ఇంజనీరు సలీమా అల్‌ బలూషీ
చప్పట్లు కొట్టలేదు.
ఇసుకలో గొంతుకూర్చుని అడిగింది:
“ఈ ముడి ఎలా వేశావు?”
తెగిన పోగును అతికే ముడి అది.
మూడుసార్లు వేసి చూపించాడు.
నాలుగోసారి ఆమె వేసింది, జారలేదు.
నా రిజిస్టరు ప్రకారం
ఆ యంత్రం పుట్టిన ఘడియ అదే.

తర్వాతివి మీరూ ఊహించగలరు.
మోటారు, బొమ్మగీతలు, మూడక్షరాల పేరు.
ఫొటోలో భూమేశ్‌ రెండో వరుసలో
టోపీ చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.
నలభై రియాళ్లు పెరిగాయి. కొత్త కార్డు మీద
‘టెక్నీషియన్‌’, అక్షరదోషంతో.

ఇది మాత్రం ఫొటోలో లేదు:
ఆ రబ్బరు నా స్టోరులోంచి తీసి
భూమేశ్‌ చేతిలో పెట్టింది గుల్‌ జమాన్‌.
ఆరు ట్రిప్పులు ఒకటయ్యాయి, తర్వాత అదీ పోయింది.
తాళంచెవి అప్పజెప్పడానికి వచ్చి
నవ్వాడు, నవ్వులాగే ఉంది.
“నాకు పనికొచ్చేది ఏదైనా
కనిపెట్టమను మీ నేతగాణ్ణి.”
ఏ గడిలో రాయాలి దీన్ని?
జమలోనా, ఖర్చులోనా?
పేజీ తిప్పాను, తిప్పి మళ్లీ వెనక్కి తిప్పాను.

వారం నుంచి మధ్యాహ్నాలు
భూమేశ్‌ ఖాళీ ట్యాంకరు చుట్టూ తిరుగుతున్నాడు,
రోగిని పలకరించినట్టు.
గుల్‌ జమాన్‌ నిచ్చెన పట్టుకుంటున్నాడు.
నిన్న రెండు పైపు క్లాంపులు తగ్గాయి.
పెన్సిలుతో రాశాను.